ఓడినప్పుడల్లా మేనేజర్‌ను మారిస్తే జట్టు బాగుపడుతుందా?

మీరు అడిగినవి రెండు విషయాలు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 2025 అక్టోబర్‌లో తన మేనేజర్ (అంటే ప్రధాన కోచ్) యాంజ్ పోస్టెకోగ్లూను 39 రోజులకే ఎందుకు సాగనంపింది? ఇలా మేనేజర్లను మార్చడం వల్ల క్లబ్బులకు నిజంగా లాభం ఉంటుందా? నేను చాలా ఏళ్లు పత్రికలో క్రీడల పేజీకి ఫుట్‌బాల్ రాశాను, ఇప్పుడు పిల్లల జట్లకు కోచింగ్ ఇస్తున్నాను. రెండో ప్రశ్న మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. తీసేయడం వల్ల జరిగే మేలు బయటికి కనిపించేదానికంటే చాలా తక్కువ. అసలు తప్పు చాలాసార్లు తీసేసిన రోజున కాదు, తీసుకున్న రోజునే జరిగిపోయి ఉంటుంది.

ఫారెస్ట్ సంగతే చూడండి. 2024-25లో నూనో ఎస్పిరిటో శాంటో ఆ జట్టును ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో ఏడో స్థానంలో నిలిపాడు. దాదాపు 30 ఏళ్ల తర్వాత క్లబ్ యూరప్ పోటీలకు అర్హత సాధించింది. ఆ జట్టు ఆట అందరికీ తెలిసిందే. సొంత గోల్ ముందు దట్టంగా నిలబడి, ప్రత్యర్థిని ముందుకు రానిచ్చి, బంతి చిక్కగానే రెండు మూడు పాసుల్లో ఎదురుదాడికి దిగడం. ఆటగాళ్లను కొన్నది కూడా ఆ పద్ధతికి సరిపోయేలానే. తర్వాత ఓనర్ ఎవాంజెలోస్ మారినాకిస్‌కూ నూనోకూ చెడింది. కొత్త సీజన్‌లో మూడు లీగ్ మ్యాచ్‌లు అయ్యాయో లేదో నూనోను పంపించేశారు. అతని స్థానంలో ఎవర్ని తెచ్చారు? డిఫెండర్లను సగం మైదానం దాకా ముందుకు నెట్టి, బంతి పోయిన క్షణంలోనే వెంటపడి లాక్కోమనే పోస్టెకోగ్లూను. నూనో పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు.

ఇలాంటి మార్పుకు వేసవి శిబిరం మొత్తం కావాలి. డిఫెన్స్ లైన్ ఎప్పుడు ముందుకు కదలాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి అన్నది నలుగురి కాళ్లకు ఒకేసారి అలవాటు కావాలి. అది బోర్డు మీద గీతలు గీసి చూపిస్తే వచ్చేది కాదు, మైదానంలో వందసార్లు చేయిస్తేనే వస్తుంది. పోస్టెకోగ్లూకు దొరికింది 39 రోజులు. అందులో 8 మ్యాచ్‌లు, మధ్యలో ఆటగాళ్లు తమ దేశాల జట్లకు వెళ్లిపోయిన విరామం ఒకటి. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య కాళ్లు తేరుకోవడానికే సరిపోతుంది, నేర్పడానికి రోజెక్కడ మిగులుతుంది? ఒక్క గెలుపూ లేదు. చెల్సీ చేతిలో 0-3తో ఓడిన మ్యాచ్ ముగిసి 20 నిమిషాలు కాకముందే ప్రకటన వచ్చేసింది. ఇతను అసమర్థుడు అనడానికి లేదు. అదే ఏడాది మే నెలలో టోటెన్‌హామ్‌కు యూరోపా లీగ్ గెలిచి, 17 ఏళ్లుగా ఆ క్లబ్‌కు లేని ట్రోఫీ తెచ్చినవాడు. లీగ్‌లో 17వ స్థానంలో నిలిచారని టోటెన్‌హామ్ కూడా అతన్ని ఆ కప్పు గెలిచిన 16 రోజులకు తీసేసింది, అది వేరే కథ. నా లెక్కలో ఫారెస్ట్ ఓనర్ తప్పు అక్టోబర్‌ది కాదు, సెప్టెంబర్‌ది.

మరి ఓనర్లకు ఇంత తొందరెందుకు? మొదటి కారణం రెలిగేషన్. మన ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచిన జట్టు వచ్చే ఏడాది మళ్లీ ఐపీఎల్‌లోనే ఆడుతుంది. ఇంగ్లండ్‌లో చివరి మూడు జట్లు కింది లీగ్‌కు పోతాయి. ప్రీమియర్ లీగ్‌లో ఆఖరి స్థానంలో ఉన్న క్లబ్‌కు కూడా టీవీ హక్కుల వాటాగా ఏడాదికి 10 కోట్ల పౌండ్లకు పైగా వస్తుంది. కింది లీగ్‌లో అందులో చిన్న ముక్క మాత్రమే. పడిపోయినవాళ్లకు కొన్నేళ్లపాటు ఊరట చెల్లింపులు ఉన్నా ఆటగాళ్ల జీతాలు వాటితో తీరవు. పతనం అంచున ఉన్న ఓనర్‌కు నిద్రపట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు.

రెండోది, సీజన్ మధ్యలో అతని చేతిలో ఉన్న ఉపాయం ఒక్కటే. ట్రాన్స్‌ఫర్ విండో మూసేశాక జనవరి వరకు ఆటగాళ్లను కొనలేడు. పాతిక మందికి కాంట్రాక్టులున్నాయి, అందర్నీ పంపలేడు. మైదానం మార్చలేడు, అభిమానుల్ని మార్చలేడు. మార్చగలిగింది ఒకే ఒక్క మనిషిని. పైగా ఈ ఓనర్లలో చాలామంది మరో వ్యాపారంలో గెలిచి వచ్చినవాళ్లు. అక్కడ తప్పును కనిపెట్టి వెంటనే సరిదిద్దడమే వాళ్ల బలం. ఇక్కడ వేలమంది చూస్తుండగా ఓడిపోతూ, చేతులు కట్టుకుని కూర్చోవడం వాళ్లకు భరించరానిది. వేటు వేసిన రోజు ఏదో చేశామన్న తృప్తి దొరుకుతుంది. గ్యాలరీలో తన మీదకు రావాల్సిన కోపం కొన్ని వారాలపాటు పక్కకు మళ్లుతుంది.

కొత్త మేనేజర్ రాగానే జట్టు గెలవడం మనమంతా చూశాం కదా, అది అబద్ధమా అంటారేమో. గెలుస్తుంది, నిజమే. కానీ ఎందుకు గెలుస్తుందో జాగ్రత్తగా చూడాలి. మేనేజర్‌ను ఎప్పుడు తీసేస్తారు? వరుసగా నాలుగైదు ఓడినప్పుడు. అంటే జట్టు తన సహజ స్థాయికంటే కిందికి జారిన సమయంలో. ఆ జారుడులో గాయాలుంటాయి, గోల్‌పోస్టుకు తగిలి వెనక్కొచ్చిన షాట్లుంటాయి, వరుసగా పెద్ద జట్లతో పడిన మ్యాచ్‌లుంటాయి. అవి ఎప్పటికీ అలాగే కొనసాగవు. ఎవరూ ఏమీ చేయకపోయినా జట్టు మెల్లగా తన స్థాయికి తిరిగొస్తుంది. నెదర్లాండ్స్ ఆర్థికవేత్త బాస్ టర్ వేల్ 1986 నుంచి 2004 వరకు డచ్ లీగ్ ఫలితాలను పట్టుకుని సరిగ్గా ఇదే పరీక్షించాడు. ఒకే రకంగా జారిన క్లబ్బుల్లో కోచ్‌ను తీసేసినవాళ్లను ఒకవైపు, తీసేయనివాళ్లను మరోవైపు పెట్టి పోల్చాడు. రెండు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. తీసేయని క్లబ్ కోలుకుంటే అది వార్త కాదు, తీసేసిన క్లబ్ కోలుకుంటే పతాక శీర్షిక. మనకు రెండోదే గుర్తుండిపోతుంది.

ఆర్థికవేత్త స్టెఫాన్ షిమాన్‌స్కీ ఇంగ్లిష్ క్లబ్బుల జమాఖర్చులను పరిశీలించి తేల్చిందీ దీనికి తోడు. దీర్ఘకాలంలో ఏ క్లబ్ ఎక్కడ నిలుస్తుందన్నది చాలావరకు ఆటగాళ్లకిచ్చే జీతాల మొత్తమే నిర్ణయిస్తుంది. మేనేజర్ వల్ల తేడా రాదని కాదు. నిజంగా తేడా తెచ్చేవాళ్లు కొద్దిమంది, వాళ్లకు కూడా సమయం కావాలి.

అయితే వేటు వేయడం ఎప్పుడూ తప్పే అని నేననను. చెల్సీని చూడండి. 2012 మార్చిలో విల్లాస్-బోయాస్‌ను తీసేసి అసిస్టెంట్ డి మాటెయోకు పగ్గాలిచ్చారు, మే నెలలో మ్యూనిచ్‌లో చాంపియన్స్ లీగ్ గెలిచారు. 2021 జనవరిలో ల్యాంపార్డ్‌ను పంపి టూచెల్‌ను తెచ్చారు, మళ్లీ మే నెలలో పోర్టోలో అదే కప్పు. రెండోదాన్ని నేను మ్యాచ్ మ్యాచ్‌కూ గమనించాను. అంతకుముందు వేసవిలోనే ఆ క్లబ్ 20 కోట్ల పౌండ్లకు పైగా పోసి ఆటగాళ్లను కొంది. సరుకు ఉంది, అమరిక లేదు. టూచెల్ వెనక ముగ్గురు డిఫెండర్లతో ఆడించి, ఎదురుదాడులకు దారి మూసేశాడు. కొద్ది వారాల్లోనే జట్టుకు గోల్ వేయడం కష్టమైపోయింది. అంటే జట్టు ఫలితాలకంటే మెరుగ్గా ఉండాలి, లోపం కోచ్ సరిదిద్దగలిగే రకమై ఉండాలి, రాబోయే మనిషి ఆ పనిలో ఆరితేరినవాడై ఉండాలి. ఈ మూడూ కలిస్తే మార్పు ఫలిస్తుంది. అవి కలవకపోతే ఏమవుతుందో కూడా చెల్సీయే చూపించింది. 2022 సెప్టెంబర్‌లో కొత్త ఓనర్లు అదే టూచెల్‌ను తీసేశారు. 2 కోట్ల పౌండ్లకు పైగా బ్రైటన్‌కు కట్టి గ్రాహమ్ పాటర్‌ను తెచ్చారు. ఏడు నెలలు నిండకుండానే అతన్నీ పంపారు. ఆ సీజన్‌లో చెల్సీ 12వ స్థానంలో మిగిలింది.

లీస్టర్ విషయంలో నా మనసు ఇప్పటికీ ఒప్పుకోదు. 2016లో ఎవరూ ఊహించని టైటిల్ గెలిపించిన క్లాడియో రానియేరిని తొమ్మిది నెలలకే, 2017 ఫిబ్రవరిలో తీసేశారు. అసిస్టెంట్ క్రెయిగ్ షేక్‌స్పియర్ రాగానే గెలుపులు మొదలయ్యాయి, జట్టు పతనం నుంచి బయటపడి 12వ స్థానంలో నిలిచింది. ఓనర్ల నిర్ణయం ఫలించిందని రాసినవాళ్లు ఉన్నారు. మరి ఆ షేక్‌స్పియర్‌ను జూన్‌లో శాశ్వతంగా నియమించి అక్టోబర్‌లో తీసేశారే, దాన్నేమనాలి?

డబ్బు సంగతి ఒక్క ఉదాహరణతో చెప్పి వదిలేస్తాను. మాంచెస్టర్ యునైటెడ్ 2024 మే నెలలో ఎఫ్ఏ కప్పు గెలిచిన ఉత్సాహంలో జూలైలో ఎరిక్ టెన్ హాగ్ కాంట్రాక్టు పొడిగించింది. అక్టోబర్ 28న తీసేసింది. అతనికీ అతని సిబ్బందికీ పరిహారంగా 1 కోటి 4 లక్షల పౌండ్లు. జూలైలో ఆ సంతకం పెట్టకుండా ఉంటే ఇంత కట్టాల్సి వచ్చేది కాదు.

ఓపిక అనగానే మనవాళ్లు దాన్ని మంచి గుణంగా, పెద్దమనసుగా చూస్తారు. ఫుట్‌బాల్‌లో అది గుణం కాదు, సమాచారం. బ్రెంట్‌ఫర్డ్ ఓనర్ మాథ్యూ బెన్‌హమ్ గణాంకాల ఆధారంగా బెట్టింగ్ వ్యాపారం చేసి సంపాదించినవాడు. 2018 అక్టోబర్‌లో థామస్ ఫ్రాంక్‌కు జట్టును అప్పగిస్తే మొదటి 10 మ్యాచ్‌ల్లో 8 ఓడిపోయింది. ఇంకెక్కడైనా అయితే అక్కడితో కథ ముగిసేది. బెన్‌హమ్ మనుషులు స్కోర్లకంటే ముందు చూసేది జట్టు ఎన్ని మంచి అవకాశాలు సృష్టిస్తోంది, ఎదుటివాళ్లకు ఎన్ని ఇస్తోంది అన్నది. ఫ్రాంక్‌ను ఉంచారు. 2021లో బ్రెంట్‌ఫర్డ్ 74 ఏళ్ల తర్వాత అగ్రశ్రేణి లీగ్‌లోకి అడుగుపెట్టింది. 2025లో టోటెన్‌హామ్ పిలిచేదాకా ఫ్రాంక్ అక్కడే ఉన్నాడు.

మన హైదరాబాద్‌లోనూ ఈ కథ నడిచింది. 2019లో మొదలైన హైదరాబాద్ ఎఫ్‌సీ తొలి సీజన్ మధ్యలోనే, ఇంగ్లండ్‌లో హల్ సిటీని నడిపిన ఫిల్ బ్రౌన్‌ను తీసేసింది. అయినా అట్టడుగునే మిగిలింది. ఆ తర్వాత మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. మొదటి ఏడాది ఐదో స్థానం, సెమీస్ తృటిలో తప్పింది. అయినా యాజమాన్యం అతన్ని కదపలేదు. మరుసటి ఏడాది 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీల్లో గెలిచి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేత అయింది. గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన పెనాల్టీలు చూసినవాళ్లెవరూ మర్చిపోరు. కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే జరగడంతో గచ్చిబౌలిలో మన ప్రేక్షకులు ఆ జట్టును కళ్లారా చూడలేకపోయారన్న బాధ నాకు ఇంకా ఉంది. తర్వాత క్లబ్ ఆర్థికంగా కుంగింది. జీతాలు ఆగాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు. అప్పుడు కోచ్‌గా ఉన్న థాంగ్‌బోయ్ సింగ్టో స్థానంలో ఎవరున్నా జరిగేది అదే. చివరికి యాజమాన్యం మారి, 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి ఊరు ఇది. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత జట్టు ఆయన చేతుల్లోనే ఉంది. 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు రెండూ ఆయన తీర్చిదిద్దినవే. అలాంటి ఊరికి ఇప్పుడు ఐఎస్ఎల్ జట్టు లేదు.

ఇక బ్లాక్‌బర్న్ రోవర్స్. నా ఉద్దేశంలో మీ ప్రశ్నకు పూర్తి జవాబు ఈ ఒక్క క్లబ్‌లోనే ఉంది. తెలుగువాళ్లకు తెలియాల్సిన కథ కూడా. ‘నెక్’ గుడ్ల ధర మన పత్రికల్లో రోజూ చూస్తుంటారు కదా, ఆ సంస్థకు పునాది వేసిన డాక్టర్ బి.వి. రావు హైదరాబాద్‌లో పుట్టినవారు. ఆయన స్థాపించిన వెంకటేశ్వర హ్యాచరీస్ తర్వాత పుణే కేంద్రంగా పెరిగింది. ఆయన కుమార్తె అనురాధా దేశాయ్, కుమారులు బాలాజీ రావు, వెంకటేశ్ రావు కలిసి 2010 నవంబర్‌లో 2 కోట్ల 30 లక్షల పౌండ్లకు ఈ క్లబ్‌ను కొన్నారు. 1995లో ప్రీమియర్ లీగ్ టైటిల్ గెలిచిన క్లబ్ ఇది.

కొన్న నెల తిరగకుండానే శామ్ అల్లర్‌డైస్‌ను తీసేశారు. అప్పుడు జట్టు 13వ స్థానంలో ఉంది, అంతకుముందు సీజన్‌లో పదో స్థానం. ఉన్న వనరులకు అది మంచి ఫలితమే. అప్పటి మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ బహిరంగంగానే మండిపడ్డాడు. స్థానంలో వచ్చిన స్టీవ్ కీన్ అంతవరకు ఏ జట్టుకూ మేనేజర్‌గా చేయనివాడు. మొదటి సీజన్‌లో చివరి రోజు వరకు గండం, రెండో సీజన్‌లో రెలిగేషన్. అభిమానులు నెలల తరబడి నిరసనలు చేశారు. అయినా కీన్‌ను ఓనర్లు కదపలేదు, కింది లీగ్‌కు పడిపోయాక కూడా. చివరికి 2012 సెప్టెంబర్‌లో అతనే రాజీనామా చేశాడు.

చాలామంది దాటేసే విషయం ఇదే. 13వ స్థానంలో ఉన్న అనుభవజ్ఞుణ్ణి నెలలో తీసేసిన తొందరా, మునిగిపోతున్న జట్టుతో కీన్‌ను దాదాపు రెండేళ్లు ఉంచిన మొండితనమూ ఒకే చోటి నుంచి వచ్చాయి. జట్టు బాగా ఆడుతోందా లేదా అని తేల్చి చెప్పగల మనిషి ఓనర్ల పక్కన లేడు. కోళ్ల పరిశ్రమలో ఆ కుటుంబానికి తిరుగులేదు. బ్రాయిలర్ కోడి ఆరు వారాల్లో తూకానికొస్తుంది, రాకపోతే దాణాలోనో మందులోనో లోపం ఎక్కడుందో వాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఫుట్‌బాల్ జట్టులో ఆరు వారాల ఫలితాలు దేన్నీ తేల్చి చెప్పవు.

కీన్ తర్వాత వచ్చింది ఇంకా దారుణం. 1995 టైటిల్ జట్టులో ఆడిన హెన్నింగ్ బెర్గ్‌ను మూడేళ్ల కాంట్రాక్టుతో తెచ్చి, 10 మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు వచ్చిందని 57 రోజులకు తీసేశారు. అతను కోర్టుకెళ్లాడు. ఆ కాంట్రాక్టు ఇచ్చే అధికారం తమ మేనేజింగ్ డైరెక్టర్‌కు లేదని క్లబ్ వాదించే ప్రయత్నం చేసింది. సొంత మనిషి పెట్టిన సంతకాన్ని కాదనే స్థితికి వచ్చిందంటే లోపల ఎవరి మాట చెల్లుతోందో ఊహించుకోండి. 22 లక్షల 50 వేల పౌండ్లు కట్టమని హైకోర్టు తీర్పిచ్చింది. తర్వాత వచ్చిన మైకేల్ యాపుల్‌టన్ ఎఫ్ఏ కప్పులో ఆర్సెనల్‌ను దాని మైదానంలోనే ఓడించాడు. అతనికి దక్కింది 67 రోజులు. ఒకే సీజన్‌లో ముగ్గురు శాశ్వత మేనేజర్లు పోయారు.

అదే ఓనర్లు తర్వాత నేర్చుకున్నారు, ఇది మాత్రం తప్పక చెప్పాలి. 2017 ఫిబ్రవరిలో టోనీ మోబ్రే వచ్చాడు. మే నెలలో పాయింట్లు సమానమైనా గోల్ తేడాతో జట్టు మూడో శ్రేణికి పడిపోయింది. ఈసారి వేటు వేయలేదు. మోబ్రే మరుసటి ఏడాదే జట్టును పైకి తెచ్చాడు, 2022 దాకా ఉన్నాడు, కుర్రాళ్లను తయారుచేశాడు. ఈ ఏళ్లన్నిటా క్లబ్ నష్టాలను ఆ కుటుంబమే పూడ్చింది, అది చిన్న మొత్తం కాదు. కానీ 2012లో కోల్పోయిన ప్రీమియర్ లీగ్ మాత్రం తిరిగి దక్కలేదు.

వీటన్నిటికీ మించి తొందరపాటు ఓనర్లు లెక్కలో వేసుకోని నష్టం ఇంకొకటుంది. మేనేజర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ఏ క్లబ్‌లో కుర్చీ గట్టిది, ఎక్కడ మాట నిలబడుతుంది అన్నది వాళ్లకు తెలుసు. నీ దగ్గర భరోసా లేదనుకున్న మంచి కోచ్ మొదట రాడు, వచ్చినా అవకాశం రాగానే వెళ్లిపోతాడు. 2025 ఫిబ్రవరిలో బ్లాక్‌బర్న్ రెండో శ్రేణి లీగ్‌లో ఐదో స్థానంలో, ప్రీమియర్ లీగ్‌కు చేర్చే ప్లేఆఫ్ రేసులో ఉంది. అలాంటి సమయంలో మేనేజర్ జాన్ యూస్టేస్ తనంతట తానే ఆ జట్టును వదిలి, అదే లీగ్‌లో రెలిగేషన్ గండంలో ఉన్న డెర్బీ కౌంటీకి వెళ్లిపోయాడు. డెర్బీ ఆ సీజన్‌లో పడిపోకుండా గట్టెక్కింది. బ్లాక్‌బర్న్ ఏడో స్థానంలో ఆగిపోయింది, ప్లేఆఫ్‌కు ఒక్క స్థానం కింద.